గ్లౌజు తొడిగే ముందు: రబ్బరు ఎందుకు పడదు? ఇంట్లో జాగ్రత్త ఎలా?

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పేషెంటు డిశ్చార్జి కాగితంలో ఏమేం పడవో రాసే ఉంటుంది. పెన్సిలిన్ పడదు, సల్ఫా పడదు, ఫలానా నొప్పి మాత్ర పడదు. రబ్బరు సంగతి మాత్రం చాలా కాగితాల్లో ఉండదు. కారణం చిన్నదే. "మందులేమైనా పడవా?" అని అడుగుతారు. గ్లౌజు మందు కాదు కాబట్టి, బెలూను ఊదినప్పుడల్లా పెదాలు వాచే మనిషి కూడా "ఏం లేదండీ" అనే చెబుతాడు.

మర్నాడు పొద్దున ఏజెన్సీ నుంచి సిస్టర్ వస్తుంది. అప్పటికే ఇంట్లోవాళ్లు మందుల షాపుకెళ్లి గ్లౌజుల డబ్బా, యూరిన్ పైపు, క్రేప్ బ్యాండేజీ, పరుపు మీద పరిచే రబ్బరు షీటు కొనుక్కొచ్చి బల్ల మీద సర్ది ఉంచుతారు. ఏది ఎందుకు కొంటున్నారో షాపువాడు అడగడు. కొన్నవాళ్లకి తెలియదు. వాడే సిస్టర్‌ని ఎవరూ సంప్రదించలేదు. ఆస్పత్రిలో అయితే స్టోర్స్ విభాగం ఉంటుంది, వార్డు ఇన్‌చార్జి ఉంటుంది, ఏదైనా జరిగితే పది అడుగుల దూరంలో ఎమర్జెన్సీ ట్రాలీ ఉంటుంది. ఇంట్లో ఉండేవి ఆ బల్ల, సిస్టర్ చేతి సంచీ, అంతే. అందుకే లేటెక్స్ అలర్జీ గురించి ఇంటి వైద్యంలో ఉన్నవాళ్లు కాస్త ఎక్కువే తెలుసుకోవాలి.

రబ్బరులో పడనిది ఏముంటుంది?

రబ్బరు చెట్టు బెరడుకి గాటు పెడితే కారే పాలే లేటెక్స్. ఈ చెట్టు పుట్టిల్లు అమెజాన్ అడవులు. మన దేశంలో ఎక్కువగా కేరళలో, ఆ తర్వాత త్రిపురలో పెంచుతున్నారు. గాయం మాన్పుకోవడానికి, తెగుళ్లను తట్టుకోవడానికి చెట్టు ఆ పాలలో రకరకాల ప్రొటీన్లు పెట్టుకుంటుంది. కొందరి ఒళ్లు ఆ ప్రొటీన్లను శత్రువులుగా గుర్తుపెట్టుకుని, మళ్లీ తగిలినప్పుడల్లా ఐజీఈ అనే యాంటీబాడీలతో ఎదురుదాడి చేస్తుంది. అసలు అలర్జీ ఇదే.

రబ్బరన్నదల్లా ఒకే మోతాదులో ప్రమాదం కాదు. గ్లౌజులు, బెలూన్లు, కండోములు, కాథెటర్ల వంటివి అచ్చులను రబ్బరు పాలలో ముంచి తీసి చేస్తారు. పల్చగా, బాగా సాగుతూ ఉండే ఈ వస్తువుల్లో ప్రొటీన్ ఎక్కువగా మిగిలి, ఒంటికి సులువుగా అందుతుంది. టైర్లు, చేతికర్ర అడుగున ఉండే బొడిపె లాంటివి గట్టి రబ్బరు. వాటితో ముప్పు బాగా తక్కువ. ఇక గోడలకి వేసే లేటెక్స్ పెయింటులో చెట్టు పాలు అసలు ఉండవు, అది కృత్రిమ పదార్థం. పేషెంటుకి రబ్బరు పడదని తెలిశాక గోడలకేసి అనుమానంగా చూడనక్కర్లేదు.

తగిలిన చోటు కూడా ముఖ్యమే. అరచేతి చర్మం మందం, ప్రొటీన్ అంత తేలిగ్గా లోపలికి పోదు. మూత్రనాళం, మలద్వారం, నోరు, తెరిచి ఉన్న పుండు అలా కాదు, గబుక్కున పీల్చుకుంటాయి. బేరియం ఎనిమా పరీక్షలకి వాడిన లేటెక్స్ గొట్టాల వల్ల తీవ్రమైన రియాక్షన్లు వచ్చి ప్రాణాలు పోయాక, అమెరికా ఎఫ్‌డీఏ 1991లో డాక్టర్లందరికీ హెచ్చరిక పంపింది. ఇంట్లో సిస్టర్ చేసే పనుల్లో కాథెటర్ మార్చడం, ఎనిమా ఇవ్వడం, పుండుకి కట్టుకట్టడం ఉన్నాయని గుర్తుంచుకుంటే ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది.

గ్లౌజు వేసుకుంటే చేతులు దురద పెడుతున్నాయి. నాకు లేటెక్స్ అలర్జీ వచ్చినట్టేనా?

చాలామటుకు కాదు. సిస్టర్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువగా తప్పు జవాబు దొరికేదీ దీనికే. గ్లౌజు కింద చర్మం మొరాయించడానికి మూడు వేరువేరు కారణాలున్నాయి.

అన్నిటికన్నా మామూలుది ఒరిపిడి. రోజంతా సబ్బుతో చేతులు కడుగుతూ, సరిగ్గా ఆరకముందే గ్లౌజు తొడిగితే చెమట, సబ్బు, పొడి లోపల కలిసి చర్మాన్ని తినేస్తాయి. కణుపుల మీద, వేళ్ల సందుల్లో పొడిబారి, పగిలి, మంట పుడుతుంది. దీనికీ అలర్జీకీ సంబంధం లేదు. శుభ్రంగా కడిగి, పూర్తిగా తుడుచుకుని, డ్యూటీ దిగాక మాయిశ్చరైజర్ రాసుకుంటే చాలావరకు నెమ్మదిస్తుంది. చేతులకి మట్టీ మరకా లేనప్పుడు సబ్బుకి బదులు ఆల్కహాల్ రబ్ వాడితే చర్మానికి ఇంకా మంచిది. ఈ మాట చెబితే నమ్మరు, ఎందుకంటే పగిలిన చేతికి రబ్ తగిలితే చురుక్కుమంటుంది. చురుక్కుమనేది అప్పటికే ఉన్న పగులు వల్ల, ఆ పగుళ్లు తెచ్చింది సబ్బు.

రెండోది రసాయనాల అలర్జీ. రబ్బరు పాలు గట్టిపడి సాగే గుణం తెచ్చుకోవడానికి థయూరాములు, కార్బమేట్లు, మెర్‌కాప్టోబెంజోథయజోల్ అనే పదార్థాలు కలుపుతారు. ఇవి పడనివాళ్లకి గ్లౌజు వేసుకున్న వెంటనే ఏమీ అనిపించదు. ఒకటి రెండు రోజులకి దురద, చిన్న చిన్న నీటి పొక్కులు లేస్తాయి. ఎర్రదనం మణికట్టు దగ్గర గ్లౌజు అంచు ఎక్కడ ఆగిందో అక్కడ గీత గీసినట్టు ఆగుతుంది. బాధే కానీ ప్రాణం మీదికి రాదు. ఇక్కడొక చిక్కుంది: నైట్రైల్ గ్లౌజుల్లోనూ ఈ రసాయనాలు ఉండొచ్చు. "లేటెక్స్ మానేసి నైట్రైల్‌కి మారాను, అయినా తగ్గలేదు" అనేవాళ్లలో చాలామందిది ఈ బాపతే. చర్మ వైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకుంటే ఏ రసాయనమో తేలుతుంది. ఆ రసాయనాలు కలపని నైట్రైల్ గ్లౌజులు విడిగా దొరుకుతాయి.

మూడోది ప్రొటీన్ల అలర్జీ, భయపడాల్సినది ఇదే. ఇది గంటలు ఆగదు. గ్లౌజు తొడిగిన నిమిషాల్లో చేతుల మీద దద్దుర్లు లేస్తాయి, కళ్లు ఎర్రబడి నీళ్లు కారతాయి, తుమ్ములు మొదలవుతాయి. కొందరికి ఛాతీ బిగిసి పిల్లికూతలు వస్తాయి. ముదిరితే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలుతాడు, దాన్నే అనాఫిలాక్సిస్ అంటారు. డాక్టరు ముందు మీ అనుభవం వివరంగా విని, రక్తంలో లేటెక్స్‌కి ప్రత్యేకమైన ఐజీఈ ఉందేమో పరీక్ష చేయిస్తారు. రక్తపరీక్ష కొందరిలో పసిగట్టలేదు. కాబట్టి కాగితం మీద ఏమీ రాకపోయినా మనిషి చెప్పే లక్షణాలు గట్టిగా ఉంటే డాక్టర్లు ఆ మాటకే విలువిస్తారు.

ఈ మూడూ వేరయినా ఒకదాని వెనక మరొకటి రావచ్చు. పగిలిన చర్మం గుండా ప్రొటీన్ తేలిగ్గా దూరుతుంది. ఒరిపిడిని "అదే పోతుందిలే" అని వదిలేసిన చేతులే కొన్నేళ్లకి అసలు అలర్జీ తెచ్చుకునే అవకాశం ఉంది.

పొడి గ్లౌజులు వద్దని ఎందుకంటారు?

గ్లౌజుల కథలో ఒక విడ్డూరం ఉంది. అవి మొదట పుట్టింది పేషెంటుని కాపాడ్డానికి కాదు, ఒక నర్సు చేతుల్ని కాపాడ్డానికి. 1889-90 ప్రాంతంలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో సర్జన్ విలియం హాల్‌స్టెడ్ దగ్గర కరోలిన్ హాంప్టన్ అనే నర్సు పనిచేసేది. క్రిమిసంహారకంగా వాడే పాదరసపు ద్రావణం తగిలి ఆమె చేతులు పుండ్లుపడితే, ఆయన గుడ్‌యియర్ కంపెనీతో పల్చటి రబ్బరు గ్లౌజులు చేయించి ఇచ్చాడు. తర్వాత ఆమెను పెళ్లి చేసుకున్నాడు కూడా. నూరేళ్లు తిరిగేసరికి ఆ రబ్బరు గ్లౌజులే నర్సుల చేతుల్ని, ఊపిరితిత్తుల్ని దెబ్బతీయడం మొదలైంది.

ఎలాగంటే, ఎయిడ్స్ వచ్చాక 1987లో అమెరికా సీడీసీ ప్రతి పేషెంటు రక్తాన్నీ అంటువ్యాధి ఉన్నదానిగానే చూడాలని సూచించింది. గ్లౌజుల వాడకం ఒక్కసారిగా ఎగబాకింది. గిరాకీ అందుకోవాలనే తొందరలో రబ్బరును సరిగా కడగకుండా, ప్రొటీన్ ఎక్కువగా మిగిలిన గ్లౌజులు మార్కెట్లోకి వచ్చాయన్నది చాలామంది నిపుణుల అభిప్రాయం. పైగా తేలిగ్గా తొడుక్కోవడానికని లోపల మొక్కజొన్న పిండి చల్లేవారు. ఆ పిండికి లేటెక్స్ ప్రొటీన్ అంటుకుంటుంది. గ్లౌజు చటుక్కున లాగి తీసినప్పుడల్లా పిండి గాల్లోకి లేస్తుంది. గ్లౌజు ముట్టుకోని మనిషి కూడా దాన్ని పీలుస్తాడు. అలా నర్సులకి, డాక్టర్లకి, దంతవైద్యులకి ఉబ్బసాలు, దద్దుర్లు పెరిగాయి.

పొడిని ఆపితే పరిస్థితి మారుతుందని జర్మనీ చూపించింది. 1998లో అక్కడ పొడి ఉన్న లేటెక్స్ గ్లౌజులను పనిచోట్ల నిషేధించాక కొత్తగా నమోదయ్యే కేసులు బాగా తగ్గిపోయాయి. అమెరికాలో ఎఫ్‌డీఏ నిషేధం 2017 జనవరి 18న అమల్లోకి వచ్చింది. మన మందుల షాపుల్లో పొడి గ్లౌజుల డబ్బాలు ఇప్పటికీ కనిపిస్తాయి, చవక కాబట్టి అమ్ముడుపోతాయి.

ఇంటి వైద్యం నడిపే ఏజెన్సీలకి నా సలహా ఒకటే: అలర్జీ ఉన్న ఇళ్లకి మాత్రమే మంచి గ్లౌజులు పంపుదాం అనే లెక్క వద్దు. పొద్దున ఒక ఇంట్లో పొడి గ్లౌజు వాడిన సిస్టర్ మధ్యాహ్నం ఇంకో ఇంటికి ఆ పొడిని తన చీర కొంగు మీదో, యాప్రాన్ మీదో మోసుకెళ్తుంది. పైగా అలర్జీ ఉన్నవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? పొడి లేనివి, వీలైతే నైట్రైల్‌వి, అందరికీ అన్ని ఇళ్లకీ ఒకటే రకం కొనడం ఖర్చులో కొంచెం ఎక్కువే, తలనొప్పిలో చాలా తక్కువ. వినైల్ చవక కానీ చేతికి వదులుగా ఉంటుంది, త్వరగా చిరుగుతుంది, రక్తం తగిలే పనికి అంత నమ్మకమైనది కాదు.

ఇంకొక మాట. అన్నం తినిపించడానికి, బీపీ చూడ్డానికి, తల దువ్వడానికి, దుప్పటి సర్దడానికి మామూలుగా గ్లౌజు అక్కర్లేదు. రక్తం, మలమూత్రాలు, పుండ్లు ఉన్నచోట తప్పనిసరి. పొద్దుటినుంచి రాత్రిదాకా గ్లౌజు తియ్యకుండా ఉండటం శుభ్రతకి గుర్తని కొన్ని ఇళ్లలో పట్టుబడతారు. అదే గ్లౌజుతో డైపర్ మార్చి, అదే గ్లౌజుతో మందు బిళ్ల తీసే దృశ్యం చూశాక ఆ నమ్మకం ఉండదు.

ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?

లేటెక్స్ ఎంత ఎక్కువగా, ఎంత చిన్నతనం నుంచి తగిలితే అంత ముప్పు. వెన్నెముక సరిగా మూసుకోకుండా, అంటే స్పైనా బైఫిడాతో పుట్టిన పిల్లలకి వరస ఆపరేషన్లు, రోజూ కాథెటర్లు తప్పవు కాబట్టి అందరికన్నా ఎక్కువ జాగ్రత్త వీళ్లకే కావాలి. మూత్రనాళ లోపాలతో పుట్టినవాళ్లు, ఎన్నో ఆపరేషన్లయినవాళ్లు, ఏళ్ల తరబడి గ్లౌజులు వేసుకున్న నర్సులు, రబ్బరు కార్మికులు, ఉబ్బసం, ఎగ్జిమా ఉన్నవాళ్లు ఆ తర్వాత. 2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష ఆరోగ్య సిబ్బందిలో 9.7 శాతం మందికి, మామూలు జనంలో 4.3 శాతం మందికి ఈ అలర్జీ ఉన్నట్టు లెక్కగట్టింది.

కొన్ని పండ్లు కూడా ఆచూకీ ఇస్తాయి. అరటి, అవకాడో, కివీ, చెస్ట్‌నట్‌లలోని ప్రొటీన్లకీ లేటెక్స్ ప్రొటీన్లకీ పోలిక ఉంది. బొప్పాయి, టమాటా, మామిడి కూడా కొందరిలో ఈ జాబితాలోకి వస్తాయి. అరటిపండు తింటే నోరు దురదపెట్టే మనిషికి లేటెక్స్ పడదని కాదు, అడగాల్సిన మనిషి అని అర్థం.

"మీకు లేటెక్స్ అలర్జీ ఉందా?" అని సూటిగా అడిగితే పెద్దవాళ్లలో చాలామందికి ఆ మాటే తెలియదు. మొదటి విజిట్‌లో సిస్టర్ ఇలా మొదలుపెడితే బాగుంటుంది:

"పెద్దమ్మగారూ, మనవడి పుట్టినరోజుకి బెలూన్లు ఊదారా ఎప్పుడైనా?"

"ఎందుకు సిస్టర్, నేను ఊదను. ఊదితే పెదాలు దురదేస్తాయి నాకు."

"పళ్ల డాక్టరు నోట్లో చెయ్యి పెట్టినప్పుడు?"

"మొహమంతా పొంగింది ఒకసారి. ఆయన ఇచ్చిన ఇంజెక్షన్ పడలేదన్నారు."

పక్కనున్న కోడలు అప్పుడు అందుకుంటుంది: "అవునత్తయ్యా, అంట్లు తోమే రబ్బరు గ్లౌజులు తెస్తే అవీ పడలేదు కదా మీకు!" మూడు మాటల్లో అసలు సంగతి బయటపడింది. "మందులేమైనా పడవా?" అనే ప్రశ్నకి ఇది ఎప్పటికీ రాదు. ఇంకా అడగాల్సినవి ఇలాంటివే: ఆపరేషన్ మధ్యలో కారణం తెలియకుండా బీపీ పడిపోయిందా? కాథెటర్ వేసినప్పుడల్లా ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయా? కండోమ్ వాడినప్పుడు ఇద్దరిలో ఎవరికైనా మంట, వాపు వచ్చాయా? ఆఖరిది అడగడానికి మొహమాటం ఉంటుంది. గదిలో అత్తగారూ కోడలూ కలిసి ఉన్నప్పుడు అడగరు కూడా. దానికో సమయం చూసుకోవాలి.

పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లు, మతిమరుపు జబ్బున్నవాళ్లు దురద అని నోటితో చెప్పలేరు. డ్రెస్సింగ్ చేసిన ప్రతిసారీ ముఖం ఎర్రబడుతోందా, గోక్కుంటున్నారా, దగ్గు మొదలవుతోందా, చెయ్యి విదిలిస్తున్నారా? అటెండెంట్ నోట్‌బుక్కులో టైముతో సహా రాస్తే వరస దానంతటదే తెలుస్తుంది. "పేషెంటు సతాయిస్తున్నాడు" అని రాస్తే ఏమీ తెలియదు.

ఇంట్లో ఏ వస్తువులు చూడాలి?

అన్నిటికన్నా ముందు యూరిన్ పైపు. కొనేటప్పుడు ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగుదాం. ఫోలీ కాథెటర్లు షాపులో రెండు రకాలు కనిపిస్తాయి. మామూలుగా లేత గోధుమ, పసుపు రంగుల్లో ఉండేది లేటెక్స్‌ది. దాని కవరు మీద "సిలికాన్ కోటెడ్" అనో "సిలికనైజ్డ్" అనో ఉంటుంది. ఆ మాట చూసి "సిలికాన్‌దే కదా" అనుకుంటారు. కాదు. లోపలంతా రబ్బరే, పైన సన్నటి పూత. పడనివాళ్లకి అది పనికిరాదు. కావాల్సింది "100 శాతం సిలికాన్" లేదా "ఆల్ సిలికాన్" అని రాసి ఉన్నది. అది చాలావరకు తెల్లగా, పారదర్శకంగా ఉంటుంది. ధర ఎక్కువ. కానీ లేటెక్స్ పైపును కొన్ని వారాలకే మార్చాల్సి వస్తే, దీన్ని డాక్టరు చెప్పినదాన్ని బట్టి 12 వారాల దాకా ఉంచొచ్చు. మగవాళ్లకి రాత్రిపూట తొడిగే కండోమ్ కాథెటర్లలోనూ చాలావరకు లేటెక్సే, సిలికాన్‌వి అడిగి తెప్పించుకోవాలి.

గ్లౌజుల డబ్బా రంగు చూసి నమ్మొద్దు. నీలం అయితే నైట్రైలే అనుకుంటాం, నీలం లేటెక్స్ గ్లౌజులూ ఉన్నాయి. డబ్బా మీద అక్షరాలు చదవాలి. త్రికోణంలో లేటెక్స్ అన్న ఇంగ్లీషు మాట ఉన్న గుర్తు కనిపిస్తే లోపల రబ్బరు పాల సరుకు ఉన్నట్టు. "హైపో అలర్జెనిక్" అని రాసి ఉందని సంబరపడొద్దు. ఆ మాట సాధారణంగా రసాయనాలు తగ్గించామని చెప్పడానికి వాడేవారు, ప్రొటీన్లు అలాగే ఉండేవి. లేటెక్స్ సరుకు మీద ఆ మాట వాడటాన్ని ఎఫ్‌డీఏ 1997లోనే కాదంది.

మిగతావి ఒక్కసారి ఇల్లంతా తిరిగి చూడొచ్చు. సాగే క్రేప్ బ్యాండేజీల్లో కొన్నింట్లో రబ్బరు దారాలుంటాయి. పరుపు మీద వేసే రబ్బరు షీటు తీసేసి ప్లాస్టిక్ షీటు వేయాలి. వేడినీళ్ల రబ్బరు సంచి, రక్తం తీసేటప్పుడు చేతికి బిగించే పట్టీ, పాత బీపీ మిషన్ రబ్బరు బుర్ర, గొట్టాలు, పక్షవాతం వచ్చిన చేతికి ఫిజియోథెరపీలో ఇచ్చే సాగే పట్టీలు, మందు బిళ్లల అట్టల చుట్టూ వేసే రబ్బరు బ్యాండ్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. బీపీ మిషన్ మార్చలేకపోతే కఫ్ కింద నూలు గుడ్డ చుట్టి, గొట్టం ఒంటికి తగలకుండా చూసుకోవచ్చు. బెడ్‌సోర్లు రాకుండా వేసే ఎయిర్ బెడ్ మామూలుగా పీవీసీది, దాంతో ఇబ్బంది లేదు. ముక్కు ద్వారా వేసే రైల్స్ ట్యూబు, సెలైన్ సెట్ల గొట్టాలు కూడా చాలావరకు పీవీసీవే, అయినా కవరు చదవడంలో తప్పు లేదు.

ఇక వంట. క్యాటరింగ్ వాళ్లో, వంటమనిషో లేటెక్స్ గ్లౌజుతో పిండి కలిపినా, కూర తరిగినా ఆ ప్రొటీన్ తిండిలోకి చేరుతుంది. పుట్టినరోజు బెలూన్లు ఇంట్లోకే రాకూడదు. పిల్లలు అలుగుతారు, కాగితం తోరణాలు కట్టిస్తే సరి.

అంతకుముందు ఆ గదిలో పొడి గ్లౌజులు వాడి ఉంటే చీపురుతో ఊడ్చి దుమ్ము లేపొద్దు. తడిగుడ్డతో బల్ల, మంచం, ఫ్యాను రెక్కలు తుడిచి, దుప్పట్లూ పరదాలూ ఉతకాలి. ఆ పూటకి పేషెంటుని వేరే గదిలో పడుకోబెడితే మంచిది.

ఫైలు మొదటి పేజీలో ఎర్ర అక్షరాలతో "రబ్బరు గ్లౌజులు, రబ్బరు వస్తువులు పడవు" అని తెలుగులో రాయాలి. అదే మాట మంచం పక్కన గోడకీ అంటించాలి. రాత్రి షిఫ్టుకి కొత్తగా వచ్చే అటెండెంట్ ఇంగ్లీషు ఫైలు తిరగేయదు, గోడకేసి చూస్తుంది. పేషెంటుకి సరిపోయే గ్లౌజులు, కాథెటర్, ప్లాస్టర్, పట్టీ ఒక డబ్బాలో విడిగా ఉంచి, ఆ ఇల్లు దాటి పోకుండా చూడాలి.

సిస్టర్‌కే పడకపోతే?

ఇక్కడ అలర్జీ కన్నా భయం పెద్దది. చెబితే డ్యూటీ ఇవ్వరేమోనని, రోజు కూలి పోతుందేమోనని చాలామంది చెప్పరు. అవిల్ బిళ్ల వేసుకుని నెట్టుకొస్తారు. బిళ్ల దురదను కప్పిపెడుతుంది, లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది. ముందే మాత్రలు వేసుకుంటే పెద్ద రియాక్షన్ రాదన్న భరోసా ఏమీ లేదు. పనిచోట మొదలైన ఉబ్బసం, తగులుతున్నంతకాలం ముదిరి, చివరికి గ్లౌజు మానేసినా వదలని స్థితికి చేరొచ్చు. తొందరగా పసిగట్టి దూరం పెడితే చాలామంది కోలుకుంటారు, ఉద్యోగం మానుకోవాల్సిన పని కూడా ఉండదు.

ఏజెన్సీ చేయాల్సింది పెద్ద కష్టం కాదు. చేరేటప్పుడే ఆ ప్రశ్నలు అడగాలి, ఏడాదికోసారి మళ్లీ అడగాలి, జవాబు సూపర్‌వైజర్ దగ్గరే ఉండాలి తప్ప పేషెంటు ఇంట్లో చర్చకు రాకూడదు. అలర్జీ ఉన్న సిస్టర్‌కి తన గ్లౌజులు తన సంచీలో ఇచ్చి పంపాలి. ఆమె వెళ్లే ఇంట్లో మిగతావాళ్లు కూడా పొడి గ్లౌజులు వాడకూడదు, ఎందుకంటే ఆమె వేసుకోకపోయినా పీలుస్తుంది. అమెరికాలో పనిచోట భద్రత చూసే సంస్థ ఓషా నిబంధన ప్రకారం మామూలు గ్లౌజులు పడని ఉద్యోగికి పడే గ్లౌజులు అందుబాటులో ఉంచడం యజమాని బాధ్యత. అక్కడ హోమ్ హెల్త్‌లో పనిచేస్తున్న మన తెలుగు నర్సులు అడిగి తీసుకోవచ్చు, అది దయాదాక్షిణ్యం కాదు. ఇక్కడ అడగాలంటే ధైర్యం కావాలి. అడిగిన మొదటి మనిషిని ఏజెన్సీ ఎలా చూసిందన్నదాన్ని బట్టే రెండో మనిషి నోరు విప్పుతుంది.

లేటెక్స్ గ్లౌజులు వాడుతూనే ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: డ్యూటీ మధ్యలో కొబ్బరినూనె, వ్యాజిలీన్ లాంటివి రాసుకుని గ్లౌజు వేసుకుంటే రబ్బరు దెబ్బతిని చిరుగుతుంది. గ్లౌజు తీశాక ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకోవాలి.

ఇంత జాగ్రత్తపడ్డా రియాక్షన్ వస్తే?

కాథెటర్ వేస్తుండగానో, కట్టు కడుతుండగానో దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, వాంతి, కళ్లు తిరగడం మొదలైతే అది అనాఫిలాక్సిస్ అనుకునే కదలాలి. కొందరిలో దద్దుర్లు అసలు రాకుండానే బీపీ పడిపోతుంది. చేస్తున్న పని ఆపి, రబ్బరు వస్తువును ఒంటి నుంచి తీసేయాలి. ఇంకొకరి చేత 108కి ఫోన్ చేయించాలి.

మన దగ్గర ఈ సమయంలో మొదట చేతికొచ్చేది అవిల్, హైడ్రోకార్టిజోన్. రెండూ తర్వాతి మందులు. ప్రాణం నిలిపేది అడ్రినలిన్. పెద్దవాళ్లకి 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే ఆంప్యూల్‌లో సగం, అంటే 0.5 మి.గ్రా., తొడ బయటివైపు మధ్య భాగంలో కండకి ఇవ్వాలి. నరానికి కాదు. పిల్లలకి కిలో బరువుకి 0.01 మి.గ్రా. లెక్క. ఐదు నిమిషాల తర్వాత కూడా మెరుగుపడకపోతే మళ్లీ ఇవ్వొచ్చు. పేషెంటుని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచాలి, ఊపిరాడకపోతే కూర్చోనివ్వాలి. బాగానే ఉందని లేపి నడిపించొద్దు, ఒక్కసారిగా నిలబడితే కూలిపోవచ్చు. అప్పటికి తేరుకున్నా కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టే వీలుంది కాబట్టి ఆస్పత్రిలో చూపించుకోక తప్పదు.

ఇదంతా శిక్షణ ఉన్న నర్సు, డాక్టరు ముందే సంతకం చేసి ఇచ్చిన ఆదేశం ప్రకారం చేయాల్సిన పని. రియాక్షన్ మొదలయ్యాక డాక్టరు ఫోన్ ఎత్తేదాకా ఆగే టైముండదు. అందుకే ఆ కాగితం, అడ్రినలిన్, సిరంజిలు సంచీలో ముందే ఉండాలి, గడువు తేదీ చూసుకుంటూ ఉండాలి. సిరంజి లోపల నల్ల రబ్బరు ముక్క ఉందే అని ఆ క్షణంలో తటపటాయించొద్దు. ఇవ్వకపోవడమే అన్నిటికన్నా ప్రమాదం. ఇంటి పేషెంట్లలో గుండె జబ్బులకి బీటా బ్లాకర్లు వాడేవాళ్లు ఎక్కువ. ఆ మాత్రల మీద ఉన్నవాళ్లకి అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు, కాబట్టి అంబులెన్సు వాళ్లకి ఆ మాత్ర పేరు చెప్పాలి.

ఇన్సులిన్ సీసా మూత రబ్బరుదే కదా, దాని సంగతి?

దీని ముప్పు చాలా తక్కువ, పైగా ఇప్పుడు చాలా మూతలు కృత్రిమ రబ్బరువి. మూత ఊడదీసి మందు తీసుకోవడం మాత్రం వద్దు, సీసాలోకి క్రిములు చేరతాయి. తీవ్రమైన అలర్జీ ఉంటే డాక్టరుతో, ఫార్మసిస్టుతో మాట్లాడి లేటెక్స్ లేని ప్యాకింగు ఉన్నది ఎంచుకోవచ్చు.

మళ్లీ ఆస్పత్రికో, పళ్ల డాక్టరు దగ్గరికో వెళ్లాల్సి వస్తే?

అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే చెప్పాలి, ఆపరేషన్ టేబుల్ ఎక్కాక కాదు. ఆపరేషన్ అయితే ఆ రోజు మొదటి కేసుగా పెట్టమని అడగొచ్చు, అంతకుముందు కేసుల గ్లౌజుల పొడి గదిలో తేలుతూ ఉండదు. పళ్ల డాక్టర్లు రూట్ కెనాల్‌లో పంటి చుట్టూ బిగించే రబ్బరు డ్యామ్ తరచూ లేటెక్స్‌దే ఉంటుంది, లేటెక్స్ లేనివీ దొరుకుతాయి, అది ఏ రకమో ముందే కనుక్కోవాలి. అరటి, కివీలతో నోరు దురదపెట్టే సంగతి ఉంటే అదీ చెప్పాలి. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు గోడ మీది కాగితానికి ఒక ఫోటో తీసుకుని ఫోన్లో ఉంచుకుంటే, క్యాజువాలిటీ డ్యూటీ డాక్టరుకి చూపించడానికి పనికొస్తుంది.